స్టైలు సారు గది

మార్చి 4, మంగళవారం

డైరీలో సోమవారం అని అచ్చయి ఉంది. తప్పు దానిది కాదు, ఇది పోయిన ఏడాది డైరీ. స్టేషనరీ ఎగ్జిబిషన్ ముగిసిన మర్నాడు నాలుగో హాలు వెనక చెత్తకుప్ప మీద ఇలాంటివి రెండు అట్టపెట్టెల నిండా కనబడ్డాయి. ఒక్క పేజీ కూడా నలగలేదు. ఒకటి తీసి సంచిలో వేసుకున్నాను. ఇన్నాళ్ళూ ఏం రాయాలో తెలియక పక్కన పడేశాను. ఇవాళ తెలిసింది.

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఎగ్జిబిషన్ మైదానంలో స్టోరు చూసేది నేనే. ఆరు హాళ్ళకు సరిపడా బల్బులు, వైర్లు, తాళ్ళు, మడత కుర్చీలు. కిటికీ లేని గదిలో, ఆ ర్యాకుల మధ్య నేను. ఇవాళ పొద్దున డైరెక్టరు గారు పిలిపించారు.

"కూర్చో" అన్నారు.

ఆయన నన్ను కూర్చోమనడం ఇది రెండోసారి. మొదటిసారి కుర్చీ గట్టిగా ఉందో లేదో చూడటానికి.

"ఇక నుంచి నువ్వు సస్టైనబిలిటీ ఆఫీసరువి."

"అంటే ఏంటండీ?"

"అంటే... కరెంటు, నీళ్ళు, చెత్త, పనిచేసేవాళ్ళు, అన్నీ బాగుండాలి. ఎప్పటికీ బాగుండాలి. అదీ."

"నేను స్టోరు మనిషినండీ."

"దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. అక్కడ వస్తువులు పోకుండా చూశావు. ఇక్కడ భూమి పోకుండా చూస్తావు."

అసలు సంగతి తర్వాత చెప్పారు. ఏటా వచ్చే ఫర్నిచర్ మేళా వాళ్ళు ఉత్తరం రాశారట. పర్యావరణాన్నీ పనివాళ్ళనూ బాగా చూసుకుంటున్నట్టు సర్టిఫికెట్ ఉన్న చోటే వచ్చే ఏడాది నుంచి మేళా పెడతారట. మాకు అంత పెద్ద మేళా ఇంకోటి లేదు.

ఈ పదవి నాకంటే ముందు ముగ్గుర్ని అడిగారని, ముగ్గురూ చేతులు జోడించి తప్పుకున్నారని క్యాంటీన్లో ఎవరో అన్నారు. నేను నమ్మను.

పదవితో పాటు ఒక గది ఇచ్చారు. మూడో హాలు పక్కన. తలుపుంది, ఏసీ ఉంది, లోడింగు గేటు వైపు కిటికీ ఉంది. లోపలే చిన్న బాత్రూము. ఈ ఆవరణలో గదిలోనే బాత్రూము ఉన్నది డైరెక్టరు గారికి, నాకు. మధ్యాహ్నం రెండుసార్లు వెళ్ళాను, అవసరం లేకపోయినా.

మార్చి 6, గురువారం

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. గది సంగతి చెప్పగానే "కొలతలెంత?" అంది.

"పన్నెండు, పద్నాలుగు అడుగులు."

"మన వంటింటి కంటే కాస్త పెద్దది."

"దీనికి తలుపుంది" అన్నాను.

"మనదానికీ ఉంది. మీరు ఎప్పుడైనా లోపలికొస్తే కదా తెలియడానికి."

మార్చి 10, సోమవారం

హాళ్ళు శుభ్రం చేసే ఆడవాళ్ళు ముప్పై ఇద్దరు. వాళ్ళందరి మీదా ఒక పెద్ద, మేస్త్రమ్మ. నాకంటే రెండేళ్ళు ముందు నుంచి ఇక్కడ ఉంది. ఇవాళ అందర్నీ రెండో హాల్లో కూర్చోబెట్టి నా కొత్త పదవి గురించి చెప్పాను. సస్టైనబిలిటీ అని నాలుగుసార్లు పలికాను. మూడుసార్లు సరిగ్గానే వచ్చింది.

"ఏంటి సారూ, స్టైలా?" అంది వెనక నుంచి ఒకామె.

"స్టైలు కాదమ్మా. సస్టైన..."

"స్టైలు ఆఫీసరట" అని ముందు వరస నుంచి చివరి వరస దాకా పాకిపోయింది. నేను ఇరవై ఆరేళ్ళుగా ఒకే రకం చొక్కా వేస్తున్నాను, ఒకే వైపు దువ్వుతున్నాను. అందుకే వాళ్ళకు అంత నవ్వొచ్చినట్టుంది.

ఇలాంటి పేర్లు రెండ్రోజుల్లో మర్చిపోతారు.

మార్చి 17, సోమవారం

మర్చిపోలేదు. ఇవాళ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "నమస్తే స్టైలు సార్" అన్నాడు.

పంపుసెట్ల ఎగ్జిబిషన్ నిన్నటితో అయిపోయింది. స్టాళ్ళు విప్పే రోజు చెత్త ఎంత వస్తుందో స్వయంగా లెక్క తీద్దామని పుస్తకం, పెన్ను పట్టుకుని బయల్దేరాను. మేస్త్రమ్మ వెంట వచ్చింది. నాలుగు రోజుల కోసం పరిచిన కార్పెట్ మూడు లారీలు. మీద కప్పిన ప్లాస్టిక్ ఒక లారీ. ప్లైవుడ్, ఫ్లెక్సీలు, సగం తాగి పారేసిన నీళ్ళ సీసాలు. నేను రాసుకుంటూ ఉంటే ఆమె నా పుస్తకంలోకి తొంగి చూసింది.

"ఆ ప్లైవుడ్ చెత్త కాదు సారూ. మేకులు తీస్తే మళ్ళీ పనికొస్తుంది. కార్పెట్టులో కూడా మధ్య ముక్కకి ఏం కాదు, అంచులే పోతాయి. ఆ సీసాల్లో సగం మూత కూడా తియ్యరు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు కదా."

గదికొచ్చి తలుపేసుకుని నివేదిక రాశాను. మొదటి వాక్యం: "నా పరిశీలనలో తేలిందేమనగా". బాగా కుదిరింది.

ఏప్రిల్ 2, బుధవారం

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి పోయిన వారం ఫారం వచ్చింది. నూట పద్నాలుగు ప్రశ్నలు. మూడు రోజులు పట్టింది. కరెంటు, నీళ్ళ ప్రశ్నలకు నా దగ్గర అంకెలున్నాయి, దర్జాగా నింపాను.

అరవై ఒకటో ప్రశ్న: శుభ్రం చేసే కార్మికులు కూర్చోవడానికి, భోజనం చేయడానికి, విశ్రాంతి తీసుకోవడానికి ప్రత్యేకంగా గది ఉందా? ఉంది, లేదు. ఒకదాని దగ్గర టిక్కు పెట్టాలి.

"ఉంది" దగ్గర పెట్టాను.

మూడో హాలు మెట్ల కింద వాళ్ళు కూర్చుంటారు. కూర్చోవడమంటే విశ్రాంతే కదా. మెట్లు పైకప్పు లాంటివే. ఒక పక్క గోడ ఉంది. ఇంకో పక్క చుట్టిపెట్టిన కార్పెట్లు, వాటినీ గోడ అనుకోవచ్చు. మూడో పక్క జనరేటరు. నాలుగో పక్క ఏమీ లేదు. గాలి వస్తుంది. గాలి రావడం మంచిదే.

ఏప్రిల్ 3, గురువారం

ఆ ప్రశ్న గురించి ఇవాళ అసలు ఆలోచించలేదు. పొద్దున ఒకసారి, భోజనాల వేళ ఒకసారి తప్ప.

ఏప్రిల్ 15, మంగళవారం

పనులు ఊపందుకున్నాయి. నడిచే దారుల్లో ఇక కార్పెట్ పరచరు. ప్లైవుడ్‌కు మేకులు తీసి కొలతల వారీగా పేర్చడానికి ఒక షెడ్డు ఇచ్చాం, స్టాళ్ళ వడ్రంగులు వచ్చి పట్టుకెళ్తున్నారు. సీసాల బదులు హాలుకు రెండు నీళ్ళ డ్రమ్ములు. అన్నిటికంటే పెద్ద ఆలోచన మాత్రం పూర్తిగా నాదే. స్టాళ్ళు కట్టే రోజుల్లో, విప్పే రోజుల్లో సందర్శకులు ఉండరు కాబట్టి హాళ్ళలో ఏసీ, పెద్ద ఫ్యాన్లు ఆపించాను. ఈ ఒక్కదానితో కరెంటు వాడకం పదిహేడు శాతం తగ్గింది. డైరెక్టరు గారు మీటింగులో అందరి ముందూ "పదిహేడు!" అని బల్ల మీద చరిచారు. చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను, వినయంగా కనబడేట్టు.

ఇంకో ముచ్చట. కార్మికులకు పెట్టిన నీళ్ళ డ్రమ్ము సాయంత్రానికి సగం అలాగే మిగిలి ఉంటోంది. పొదుపు వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. ఇది కూడా నివేదికలో రాశాను.

ఏప్రిల్ 21, సోమవారం

ఫారం నకలు ఇంటికి తీసుకెళ్ళడం పొరపాటు. మా ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఆ కట్టలో కలిసిపోయిన నా ఫారం కూడా దిద్దేసింది. పదకొండు అక్షర దోషాలు. అరవై ఒకటో ప్రశ్న దగ్గర ఎర్ర సిరాతో ఒకే మాట: "నిరూపించుము."

"అదేం రాత?" అన్నాను.

"జవాబు ఉంది, లెక్క చేసిన దారి లేదు. సున్నా వెయ్యలేదు, సంతోషించండి."

"మెట్ల కింద చోటుంది."

"గది అని అడిగారు. చోటు అని కాదు." కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీరు భోజనం ఎక్కడ చేస్తున్నారు?"

"నా గదిలో."

"అందులోంచి మెట్ల కింద కనబడుతుందా?"

"కిటికీ అటు వైపు లేదు" అన్నాను. నిజమే కదా, అటు వైపు లేదు.

ఏప్రిల్ 24, గురువారం

డైరెక్టరు గారి చెవిన వేశాను. తనిఖీకి మనిషి వస్తారు, గది చూపించమంటే ఏం చూపిస్తామని.

"ఖాళీ గది ఒక్కటి లేదయ్యా. అన్నీ మేళాల వాళ్ళకే చాలడం లేదు" అన్నారు. తర్వాత కాసేపు పెన్ను ఆడించి, "ఒక బోర్డు పెట్టించు" అన్నారు.

పాత ప్లైవుడ్ ముక్క మీద పెయింటరు చేత రాయించాను. 'కార్మికుల విశ్రాంతి గది' అని పచ్చ రంగులో.

"గది ఎక్కడ సార్?" అన్నాడు పెయింటరు.

"నువ్వు అక్షరాలు రాయి" అన్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

మెట్ల కింద బోర్డు తగిలించి రెండు కుర్చీలు వేయించాను. ముప్పై ఇద్దరికి రెండు కుర్చీలు తక్కువే, కానీ అందరూ ఒకేసారి అలిసిపోరు కదా.

మేస్త్రమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని బోర్డంతా చదివింది.

"బాగుంది సారూ. తలుపెప్పుడొస్తుంది?"

"ఒక్కొక్కటే వస్తున్నాయే" అంది ఇంకొకామె. "ఇవాళ బోర్డొచ్చింది. పై నెల కిటికీ వస్తుంది. గోడలు మన మనవరాళ్ళ టైముకి."

క్యారేజీలు పక్కన పెట్టి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. అరవై రెండో ప్రశ్నలో, కార్మికులు సంతోషంగా ఉన్నారా అంటే ఉన్నారు అని ముందే రాసేశాను. అది మాత్రం చూసి రాసినట్టే ఉంది.

మే 6, మంగళవారం



బొమ్మల మేళాకు స్టాళ్ళు కడుతున్నారు. బయట ఎండ మండిపోతోంది. శుభ్రం చేసేవాళ్ళలో అందరికంటే పెద్దామెను రేడియో పెద్దమ్మ అంటారు. చీపురు పట్టుకుంటే పాట మొదలవుతుంది, చీపురు దించాకే ఆగుతుంది. పదకొండు గంటల వేళ నేను మూడో హాల్లో డ్రమ్ముల నీళ్ళు కొలుస్తున్నాను. పాట ఆగింది. చీపురు కింద పడ్డ చప్పుడు కూడా వినబడలేదు, పాట ఆగడమే వినబడింది.

స్టాళ్ళ మధ్య పక్కకు ఒరిగి పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నలుగురం ఎత్తుకుని మెట్ల కిందికి తీసుకెళ్ళాం. జనరేటరు నడుస్తోంది. ఆ సెగకి మేమే నిలబడలేకపోయాం. బోర్డు కింద ఆమెను పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయాం.

"మీ గదికి" అంది మేస్త్రమ్మ. అడగలేదు, చెప్పింది.

నా బల్ల మీద ఫైళ్ళన్నీ కిందికి తోసేసి పడుకోబెట్టాం. గేటు దగ్గరి ఆసుపత్రి నుంచి నర్సు పరిగెత్తుకొచ్చింది. తడి గుడ్డలు చుట్టి, సెలైన్ పెట్టింది.

"వడదెబ్బ. ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవు. పొద్దున్నుంచి ఏమైనా తాగిందా?"

"ఎలా తాగుతుందమ్మా?" అంది మేస్త్రమ్మ. "స్టాళ్ళు కట్టే రోజుల్లో హాళ్ళ బాత్రూములకి తాళాలేస్తారు. వెళ్ళాలంటే ఐదో గేటు దాకా నడవాలి. పోను పది నిమిషాలు, రాను పది నిమిషాలు. వెళ్ళొస్తే సూపర్‌వైజరు అరుస్తాడు. అందుకే పనిలో ఉన్నంతసేపూ మేమెవరం నీళ్ళు ముట్టం."

సగం మిగిలే డ్రమ్ము గురించి నేను నివేదికలో రాసిన వాక్యం మొత్తం, కామాలతో సహా నాకు గుర్తొచ్చింది.

అరగంటకి పెద్దమ్మ కళ్ళు తెరిచింది. కప్పు వైపు చూసింది, ఏసీ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"చల్లగా ఉంది సారూ. ఆ బోర్డు మీద రాసిన గది ఇదేనా?"

నేను "ఊఁ" అన్నాను. ఇంకేమనాలి?

మే 7, బుధవారం

ఆ పదిహేడు శాతంలో పెద్దమ్మ ఎంత శాతమో మా ఆవిడను లెక్క కట్టమనాలనిపించింది. అడగలేదు. కట్టేస్తుంది.

మే 8, గురువారం

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అన్ని హాళ్ళలో ఫ్యాన్లు వేయమన్నాను. "కాగితం మీద రాసివ్వండి సార్, మొన్న ఆపమన్నదీ మీరే" అన్నాడు. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాను. మూడో హాలు బాత్రూముల తాళాలు ఏ రోజూ వెయ్యకూడదని కూడా రాశాను. సూపర్‌వైజరును పిలిచి, బాత్రూముకు వెళ్ళినవాళ్ళ మీద అరిస్తే ఇక నేను అరుస్తానని చెప్పాను. నాకు అరవడం రాదని అతనికి తెలుసు. అయినా సరేనన్నాడు.

డైరెక్టరు గారు నా గదికే వచ్చారు. "ఫ్యాన్లు తిరిగితే పదిహేడు తొమ్మిదవుతుంది. అంకె పడిపోతుందయ్యా!"

"మనిషి పడిపోయిందండీ" అన్నాను.

అన్నానా, అనుకున్నానా? అన్నాననే గుర్తు. గట్టిగా మాత్రం కాదు.

పెద్దమ్మ అప్పుడే పనిలోకి వచ్చేసింది. నాలుగు రోజులు ఇంటి పట్టున ఉండమంటే "ఇంట్లో ఏసీ లేదు సారూ, మీ గదిలో ఉంటాను" అంది. పరాచికమే. కానీ నిన్నా ఇవాళా మధ్యాహ్నం ఒక గంట వచ్చి కూర్చుంది. ఆమెకు తోడుగా ఇద్దరు. ఒంట్లో బాగయ్యేదాకానే అని స్పష్టంగా చెప్పాను.

మే 19, సోమవారం

తనిఖీ.

సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి వస్తాడనుకుని గేటు దగ్గర నేనూ డైరెక్టరు గారూ నిలబడ్డాం. భుజానికి గుడ్డ సంచి, కాళ్ళకు మాసిన కాన్వాసు బూట్లు వేసుకున్న ఒకావిడ మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడే తనిఖీ మేడమ్ అని పది నిమిషాలకు గానీ తెలియలేదు. అప్పటికే ప్లైవుడ్ షెడ్డు చూసేసింది.

షెడ్డు నచ్చింది. కార్పెట్ల సంగతి నచ్చింది. ఫ్యాన్ల రిజిస్టరు తిరగేసి, నా సంతకం దగ్గర ఆగి, పేజీ తిప్పింది. డైరెక్టరు గారు నా భుజం తట్టారు. అప్పుడు మేడమ్ ఫారం తీసి "అరవై ఒకటి" అంది.

మెట్ల కిందికి వెళ్ళాం. మధ్యాహ్న భోజనాల వేళ. ఆడవాళ్ళంతా క్యారేజీలు విప్పుకుని ఉన్నారు. మేడమ్ బోర్డు చదివింది. జనరేటరు వైపు చూసింది. మేస్త్రమ్మ పక్కన కింద చతికిలబడింది.

"మీరు రోజూ విశ్రాంతి తీసుకునేది ఇక్కడేనా అమ్మా?"

డైరెక్టరు గారు దగ్గారు. మేస్త్రమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. కాస్త కుతూహలంగా, ఈయన ఏం చేస్తాడో చూద్దామన్నట్టు.

"సారు ఏం రాశారో అదేనమ్మా" అంది.

ముప్పై ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఎవరూ నమలడం లేదు. మేస్త్రమ్మ నిజం చెప్పి ఉంటే నేను బతిమాలుకునేవాణ్ణి. అబద్ధం చెప్పి ఉంటే లోపల దండం పెట్టుకునేవాణ్ణి. రెండూ కాకుండా నా కాగితం నాకే ఇచ్చింది.

"నేను తప్పు రాశాను మేడమ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "గది లేదు. బోర్డే ఉంది. అది కూడా పోయిన నెల పెట్టించాను."

మేడమ్ తన పెన్ను ఇచ్చింది. ఫారం గోడకు ఆనించి "ఉంది" కొట్టేసి "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. డైరెక్టరు గారి మొహం వైపు చూడలేదు. చూడకపోయినా వేడి తగిలింది.

వెళ్ళేముందు మేడమ్ చెప్పింది: "మిగతావన్నీ సరిపోయాయి. మూడు నెలలు టైమిస్తున్నాను. గది పెట్టి పిలవండి. లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వలేను."

మే 20, మంగళవారం

"మూడు నెలల్లో గది ఎక్కణ్ణుంచి తెస్తావు? నెత్తిన పెట్టుకుని తెస్తావా?" అన్నారు డైరెక్టరు గారు. "మేళా పోతే ఏమవుతుందో తెలుసా నీకు?"

"నాకిచ్చిన గది ఉంది కదండీ" అన్నాను.

ఈ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "మరి నువ్వు?" అన్నారు ఆయన. ఇరవై ఆరేళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదేననుకుంటాను, వస్తువుల గురించి కాకుండా.

మెట్ల కిందికి వెళ్ళి మేస్త్రమ్మను అడిగాను, నిన్న అలా ఎందుకన్నావని.

"మేళా పోతే మాకు పనిరోజులు సగానికి సగం పోతాయి సారూ. లేదని నేను చెబితే రేపు వీళ్ళంతా నన్నంటారు. ఉందని చెబితే ఆ జనరేటరు పక్కన కూర్చుని ఎలా తింటాను? అందుకే మీ మీద వదిలేశా."

"నేను అబద్ధమే చెప్పి ఉంటే?"

"అప్పుడు మీ పేరు మార్చేవాళ్ళం" అంది. ఏం పేరో చెప్పలేదు.

మే 26, సోమవారం

గది తాత్కాలికంగా ఖాళీ చేశాను. తాత్కాలికమే. నా బల్ల, ఫైళ్ళు మెట్ల కిందికి వచ్చాయి. జనరేటరును షెడ్డు వెనక్కి మార్పించాను. ఈ పని ముందే ఎందుకు చెయ్యలేదో నన్ను నేను అడగదలుచుకోలేదు.

బోర్డు ఊడదీసి గది తలుపుకు బిగించాం. నాలుగు మేకులూ మేస్త్రమ్మే కొట్టింది.

మా ఆవిడకు చెబితే "బాత్రూము కూడా ఇచ్చేశారా?" అంది. అవునన్నాను. "అయితే నిజమే" అని నాకు రెండోసారి వడ్డించింది.

జూన్ 11, బుధవారం

మెట్ల కింద రాస్తున్నాను. జనం ఎక్కుతూ దిగుతూ ఉంటే నెత్తిన ధూళి రాలుతోంది. మిగతాదంతా బాగానే ఉంది.

గదిలో నా కిటికీకి కర్టెన్ కట్టారు. బొమ్మల మేళాలో పారేసిన గుడ్డ, నిండా ఏనుగులు. నేనుండగా ఆ కిటికీ అలా ఉండేది కాదు. మిగిలిన ప్లైవుడ్‌తో గోడ పొడుగునా బల్లలు వేయించుకున్నారు, కార్పెట్ల మధ్య ముక్కలతో పరుపులు కుట్టుకున్నారు. ఇవన్నీ నన్ను అడగకుండా చేశారు. ముప్పై ఇద్దరూ ఒకేసారి పట్టరని మేస్త్రమ్మ మూడు జట్లు చేసింది. చేతులు కడుక్కుందామని లోపలికెళ్ళబోతే "చెప్పులు బయట సారూ" అన్నారు.

వాళ్ళ నీళ్ళ డ్రమ్ము మధ్యాహ్నం రెండింటికే ఖాళీ అవుతోంది. నీళ్ళ వాడకం పెరిగిందని నివేదికలో రాశాను. కారణం కూడా రాశాను. ఈసారి "నా పరిశీలనలో" అని పెట్టలేదు, "మేస్త్రమ్మ చెప్పిన ప్రకారం" అని పెట్టాను. మా ఆవిడ చదివి ఎక్కడా ఎర్ర గీత పెట్టలేదు. ఒక్క దీర్ఘం సరిచేసింది.

జులై 3, గురువారం

డైరెక్టరు గారు ఇటుగా వెళ్తూ మెట్ల కిందికి వంగి చూశారు. "ఆఫీసర్లెవరైనా వస్తే నిన్ను ఇక్కడ చూపించలేం. సర్టిఫికెట్ వచ్చాక నీ గది నీకు ఇప్పించేస్తాలే" అన్నారు గొంతు తగ్గించి.

ఆ మాట కోసమే కదా నేను ఇన్నాళ్ళూ చూస్తున్నది. థాంక్స్ అని చెప్పాలి.

"వద్దండీ" అన్నాను. "వాళ్ళకి కుదురుకుంది."

"నీకిక్కడ బాగుందా?"

"బాగోలేదండీ" అన్నాను. నవ్వారు. నేను నవ్వడానికి చెప్పలేదు.

ఆగస్టు 19, మంగళవారం

ఇవాళ తనిఖీ మేడమ్ మళ్ళీ వచ్చింది. రైలు ఆలస్యమై, పొద్దున రావలసింది మధ్యాహ్నం రెండున్నరకి వచ్చింది. డైరెక్టరు గారు కొత్త కోటు వేసుకున్నారు. ముగ్గురం గది దగ్గరికి వెళ్ళాం. డైరెక్టరు గారు తలుపు మీద చెయ్యి వేయబోయారు. లోపల నుంచి మేస్త్రమ్మ జానెడు తలుపు తీసి, తల మాత్రం బయట పెట్టింది.

"ముప్పావు గంట ఆగాలి సారూ. రెండో జట్టు ఇప్పుడే పడుకుంది. తెల్లారి ఐదింటి నుంచి చీపురు పట్టారు."

"తనిఖీ మేడమ్ వచ్చారు!" అన్నారు డైరెక్టరు గారు.

"నమస్తే అమ్మా" అని మేడమ్‌కు చెప్పి, "ముప్పావు గంట" అని మళ్ళీ అని, మేస్త్రమ్మ తలుపు మూసేసింది. చప్పుడు కాకుండా, మెల్లిగా, గడియతో సహా.

డైరెక్టరు గారి మొహం రంగు మారింది. "నువ్వు చెప్పు, తీస్తారు" అన్నారు నాతో. నేను తలుపు వైపు చూశాను. ఆరు నెలల క్రితం ఆ గడియకు నూనె వేసింది నేనే. "తియ్యరండీ" అన్నాను.

మేడమ్ మాత్రం గుడ్డ సంచి భుజం మీంచి దించి మెట్ల కిందికొచ్చి, నా ఎదురు కుర్చీలో కూర్చుంది. నీళ్ళిచ్చాను. తాగింది. డైరెక్టరు గారు తలుపుకీ మాకూ మధ్య పచార్లు చేశారు. గది లోపల ఎవరో చిన్నగా గురక పెడుతున్నారు. మేడమ్ కాసేపు విని, సంచిలోంచి ఫారం తీసింది. అరవై ఒకటో ప్రశ్న దగ్గర నేను కొట్టేసిన చోట కొత్తగా "ఉంది" అని టిక్కు పెట్టి, పక్కన ఒక వాక్యం రాసింది. నేను తలకిందులుగానే చదివేశాను.

"కార్మికులు నిద్రపోతున్నందున లోపలికి వెళ్ళడం వీలుపడలేదు."

డైరెక్టరు గారు కూడా వంగి చదివారు. రెండుసార్లు చదివి "అంటే... సర్టిఫికెట్ వచ్చేసినట్టేనా అండీ?" అని ఆవరణంతా వినబడేట్టు అరిచారు.

మేడమ్ తల ఊపి, పెదాల మీద వేలు పెట్టింది.

"వచ్చినట్టే. కాస్త నెమ్మదిగా మాట్లాడండి, లేస్తారు."